చదివి వినిపించగా విని, సమ్మతించి

విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నము నుండి కొండపల్లి, మైలవరముల మీదుగా భద్రాచలము దిక్కునకు, ఆ పైని బస్తరు అడవులలోనికి సాగిపోవు 30వ నంబరు జాతీయ రహదారిపై, ఆంధ్రప్రదేశపు ఎల్లను దాటుటకు ముందు వచ్చు పట్టణము తిరువూరు. మామిడితోటలకును ప్రత్తిచేలకును పేరుపడిన ఈ మెట్టసీమ నేడు ఎన్టీఆర్ జిల్లాలో ఒక రెవిన్యూ డివిజనునకు ముఖ్యస్థానము. 2022 ఏప్రిల్ 4వ తేదీకి ముందు కృష్ణా జిల్లాలోనిది. స్వాతంత్ర్యమునకు పూర్వము చెన్నరాజధాని పాలనకు లోబడినది. అదే రహదారి వెంట మరికొంత దూరము పోయినచో పెనుబల్లి మండలము వచ్చును. అది తెలంగాణలోని ఖమ్మము జిల్లా, 1948 వరకు నిజాము ఏలుబడిలో ఉన్న నేల.

ఈ రెండు నేలలందును జనులు మాటలాడునది తెలుగే, ఇచ్చిపుచ్చుకొను సంబంధములు ఒక్కటే, వేయు పంటలు ఒక్కటే. వేరైనది కాగితము మీది భాష. ఈవల కరణము వ్రాసిన లెక్క అడంగలు, ఆవల పట్వారీ వ్రాసినది పహాణీ. ఇక్కడ మునసబు, అక్కడ మాలీపటేలు. ఇక్కడ మెట్ట, మాగాణి, అక్కడ ఖుష్కీ, తరీ. చెన్నపట్టణపు కచ్చేరీలనుండి వచ్చిన మాటలు ఒకవైపునను, మొదట పారశీకము, పిమ్మట ఉర్దూ రాజభాషలుగా వెలసిన హైదరాబాదు దఫ్తరములనుండి వచ్చిన మాటలు మరియొకవైపునను, ఒకే తెలుగు వాక్యములో ఇమిడిపోయినవి. 1956లో రెండు ప్రాంతములు ఒక రాష్ట్రమైనను, 1984లో కరణము పట్వారీ ఉద్యోగములు రద్దయినను, 2014లో మరల రెండు రాష్ట్రములైనను, ఆ మాటలు మాత్రము తమ తమ గట్ల మీదనే నిలిచియున్నవి. మాటలతో సరిపోయిన యెడల బాధ లేదు, కొలతయు వేరు. ఎకరమునకు ఇక్కడ 100 సెంట్లు, అక్కడ 40 గుంటలు.

ఇప్పుడు ఒకరు తమ భూమి విస్తీర్ణమును 'య. 1-20' అని వ్రాయించి ఊరకుండిరనుకొనుడు. తిరువూరులో చదువువారికి అది ఎకరము ఇరువది సెంట్లు. పెనుబల్లిలో చదువువారికి ఎకరము ఇరువది గుంటలు, అనగా సరిగా ఎకరమున్నర. రెంటి నడిమి వ్యత్యాసము ముప్పది సెంట్లు, గజములలో చెప్పవలెనన్న 1452 చదరపు గజములు. వ్రాసిన అంకె తప్పు కాదు, అడ్డగీత తప్పు కాదు, చదివినవాడు మూఢుడు కాడు. ఆ అంకె ప్రక్కన ఉండవలసిన ఒక్క మాటను వ్రాసినవాడు విడిచిపెట్టెను. తనకు తెలిసినది ఎదుటివానికిని తెలిసియే యుండునని తలచెను. వృత్తివ్యవహారములకై వ్రాయు వచనములో జరుగు అనర్థములలో ఎక్కువ పాలు ఈ తలంపునుండియే పుట్టును.

తెలుగు వచనమును గూర్చి చర్చ వచ్చినప్పుడు మనకు స్ఫురించునది కథ, నవల, వ్యాసము. శైలీవిచారమంతయు కవుల చుట్టును కథకుల చుట్టును తిరుగును. కాని కథలో ఒక వాక్యము తడబడినచో పాఠకునకు క్షణకాలము రసభంగము కలుగును, అంతే. దస్తావేజులో ఒక వాక్యము తడబడినచో ఒక కుటుంబము రెండు తరములపాటు న్యాయస్థానపు మెట్లెక్కును; పురుగుమందు కరపత్రములో తడబడినచో పైరు మాడిపోవును, లేదా మనిషి ఆసుపత్రి పాలగును. కావున వ్యాకరణముతోడను శైలితోడను మిక్కిలి నిక్కచ్చిగా పని పడునది సాహిత్యములో కాదు, ఈ నిత్యవ్యవహారపు వ్రాతలోనే యని నేను గట్టిగా నమ్మెదను.

మన పూర్వులు ఈ సంగతి ఎరుగనివారు కారు. తెలుగు భాష రాతి మీదికి ఎక్కినది కావ్యముగా కాదు, వ్యవహారముగా. క్రీ.శ. 575 ప్రాంతపుదని పండితులు నిర్ణయించిన కలమళ్ల శాసనము, ఆ కాలమునకే చేరువైన ఎఱ్ఱగుడిపాడు శాసనము కడప సీమలో రేనాటి చోళులు వేయించినవి. ఎఱ్ఱగుడిపాటి శాసనము ఒక భూదానపత్రము. ఎవరు, ఎవరికి, ఏమి ఇచ్చిరి, దానిని చెరచినవానికి ఏ పాపము తగులును అను క్రమము అప్పటికే ఏర్పడినది. తిరువూరునకు దక్షిణముననున్న బెజవాడలో 10వ శతాబ్ది నాటి యుద్ధమల్లుని శాసనము మధ్యాక్కర పద్యములలో నడచినను, అందులోని ముఖ్యవిషయము కుమారస్వామి ఆలయపు మఠములో ఎవరు నివసింపవచ్చును, ఎవరు నివసింపరాదు అను నియమమే. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున కర్నల్ కాలిన్ మెకంజీ గ్రామగ్రామమునుండి సేకరింపజేసిన కైఫీయతులు కరణముల లెక్కలనుండియు జ్ఞాపకమునుండియు పుట్టిన వచనము. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకై వాదించునప్పుడు కావ్యములతో ఆగక, వ్యాఖ్యానముల వచనమును, శాస్త్రగ్రంథముల వచనమును, శాసనముల వచనమును సాక్ష్యముగా తెచ్చి నిలబెట్టుటలోని మర్మమిదే: పని జరుగవలసినచోట మన వారు ఎట్లు వ్రాసిరో చూడుడని వారు పండితులను కోరిరి.

దస్తావేజు ఒక ఉత్తరము

తిరువూరు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయము వద్ద, రాష్ట్రమున మరి ఏ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయము వద్దనైనను కానవచ్చునట్లే, దస్తావేజులు వ్రాయువారిదే ఒక చిన్న లోకము. పూర్వము వారి ముందు స్టాంపు కాగితము, కలము ఉండెడివి. నేడు కంప్యూటరు, ప్రింటరు. అమ్మువారు, కొనువారు, సాక్షులు, లింకు డాక్యుమెంట్లు మడిచి పెట్టుకొనిన సంచి, ఈసీ కాగితము, ఆధారు నకళ్లు: ఈ పరివారము లేక పని సాగదు. వ్రాత ముగిసిన పిమ్మట లేఖరి దానిని పైకి చదువును, అమ్మువాడు వినును, 'ఇందులోని సంగతులు చదివి వినిపించగా విని, సరియని సమ్మతించి' వ్రాలు చేయును, అక్షరము రానివాడు నిశానీ వేయును. చెవితో విని ఒప్పుకొనదగిన రీతిగా వ్రాయవలెనను నియమము మన వృత్తిరచనలలో దీనికి ఉన్నంత స్పష్టముగా మరి దేనికిని లేదు.

సంప్రదాయసిద్ధమైన తెలుగు క్రయ దస్తావేజు స్వరూపమున ఒక ఉత్తరము. 'ఫలానా గ్రామ కాపురస్థులు ఫలానా వారికి, ఫలానా గ్రామ కాపురస్థుడు ఫలానా వాడు వ్రాసి యిచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు ఏమనగా' అని మొదలై, ఆ పిమ్మటనంతయు 'నేను', 'మీరు' అను రెండు సర్వనామముల నడుమ నడచును. 'నా స్వాధీనానుభవములో ఉన్న దిగువ షెడ్యూలు భూమిని మీకు ఇన్ని రూపాయలకు విక్రయించి, సొమ్ము యావత్తు మీవలన పుచ్చుకొని, భూమిని ఈ దినముననే మీకు స్వాధీనపరచితిని గనుక, మీరు దానిని పుత్రపౌత్రపారంపర్యముగా దానవినిమయవిక్రయాది సర్వహక్కులతో అనుభవించుకొనగలరు' అను ఈ ధోరణి గల వాక్యము ఒక్కొక్కప్పుడు పుట నిండ సాగును. దానిని చూచి చదువుకొన్నవారు కొందరు ముఖము చిట్లింతురు. నాకు ఆ చిట్లింపు అన్యాయమనిపించును. 'విక్రయించి', 'పుచ్చుకొని' అను క్త్వార్థకములు రెండును 'స్వాధీనపరచితిని' అను ఒక్క సమాపక క్రియకు కట్టుబడినవి. ఆ క్రియ చివరనున్న 'ని' అను అక్షరము ఈ పనులన్నియు చేసినవాడు ఒక్కడే, వాడు నేనే, అని సాక్ష్యమిచ్చుచున్నది. పిమ్మట 'మీరు' వచ్చినది, క్రియ చివర 'రు' వచ్చినది. పనులు జరిగిన వరుసలోనే మాటలు నడచినవి. ఇంత నిడివిలోను చేసినవాడు ఎవడో, పొందినవాడు ఎవడో ఒక్క క్షణమైనను సందేహము కలుగదు. వాక్యము దీర్ఘమగుట దోషము కాదు; కర్త కనబడకపోవుట దోషము.

ఇదే సంప్రదాయము 'మేము', 'మనము' అను భేదమును కూడ బంగారము తూచినట్లు వాడుకొన్నది. అన్నదమ్ములు వ్రాసికొను భాగపంపిణీ దస్తావేజులో 'మన ఉమ్మడి ఆస్తి' అనినచో ఎదుటివానికిని అందు భాగమున్నది. 'మా ఉమ్మడి ఆస్తి' అనినచో ఎదుటివాడు వెలుపలివాడు. ఈ తారతమ్యమును ఒక్క అక్షరముతో తెలుపగల భాష చేతనుండగా, ఇటీవలి నమూనాలు కొన్ని 'మొదటి పార్టీవారు రెండవ పార్టీవారికి' అను ఇంగ్లీషు పద్ధతిని పట్టుకొని, నేను మీరులను తొలగించినవి. నాలుగవ పేరా చేరునప్పటికి వినుచున్న వృద్ధురాలికి తాను మొదటి పార్టీయో రెండవ పార్టీయో జ్ఞాపకముండదు. 'నేను మీకు అమ్మితిని' అను మాటను ఆమె మరచిపోదు.

సంస్కృతపదముల విషయమునను ఇట్లే తులనాత్మకముగా చూడవలెను. పాత క్రయపత్రములలో నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షిణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములను పేర్కొనెడివారు. భూమిలో పాతియున్న ధనము, దాచిన ద్రవ్యము, నీరు, రాయి, ఇప్పుడున్న ఆదాయము, ఇకముందు రాగల ఆదాయము, సాగై ఫలించుచున్నది, సాగునకు తేదగినది. ఇన్ని విధముల హక్కులను ఎనిమిది మాటలలో బంధించిన ఆ పట్టిక వ్రాయువారి వివేకమునకు గుర్తు. నేడు ఆ మాటల అర్థమడిగినచో వ్రాయుచున్నవారిలోనే చెప్పగలవారు అరుదు. అర్థము తెలియని పదమును ఆచారమని నిలుపుకొనుట కంటె 'బావి, బోరు, చెట్లు, రాయి రప్పలతో సహా' అని వ్రాయుట మేలు. కాని 'తాత గారి ఆస్తి' అని తేటతెలుగులో వ్రాసినచో తండ్రి తండ్రియా, తల్లి తండ్రియా? హిందూ వారసత్వ విషయమున ఆ రెండు ఆస్తులకు గల భేదము చిన్నది కాదు. అక్కడ పితామహుడు, మాతామహుడు అను తత్సమములు తమ తావును తామే సంపాదించుకొన్నవి. 'నా తల్లి తండ్రి ఆస్తి' అని విభక్తిని మింగివేసి వ్రాసినచో మరింత ముప్పు: తల్లియొక్క తండ్రిదా, తల్లిది తండ్రిది ఇద్దరిదియా? 'తల్లిదండ్రుల ఆస్తి' యనినచో ఒక అర్థము, 'మాతామహుని ఆస్తి' యనినచో మరియొక అర్థము, సందేహమునకు చోటులేదు. 'యొక్క' అను ప్రత్యయమును చీటికి మాటికి వాడరాదని శైలిని నేర్పువారు చెప్పుట నిజమే, కాని ఇట్టిచోట అది ఒక్కటియే కుటుంబమును కాపాడును.

తడబాటు ఎక్కడ

దస్తావేజునందు లోపములు లేవని నేననలేదు. వానిలో మొదటిది ఆస్తి సంక్రమించిన చరిత్రను చెప్పు భాగమున కనబడును. 'సదరు భూమి మా తండ్రిగారు కొనుగోలు చేసి, అనుభవించుచు, కాలధర్మము చెంది, నాకు వారసత్వముగా సంక్రమించి, నా స్వాధీనములో ఉండి' అను వంటి వాక్యమును చూడుడు. కొనినవాడు, మరణించినవాడు తండ్రి; సంక్రమించినది, స్వాధీనములో ఉన్నది భూమి. రెండు కర్తలు ఒకే తీగకు వ్రేలాడుచున్నవి. క్త్వార్థకమునకును దాని పై క్రియకును కర్త ఒక్కడే కావలెనను సూత్రమును బడిలో చదువునప్పుడు అది పండితుల చాదస్తమని తోచును. ఇక్కడ ఆ సూత్రము తప్పినందువలన ఎవరు ఎప్పుడు మరణించిరో, ఎవరి పేరిట ఏ దస్తావేజు ఉన్నదో కలగాపులగమైపోయినది. మందు సులభము. హక్కు చేతులు మారిన ప్రతిచోట వాక్యమును ముగింపవలెను. ప్రతి వాక్యములోను ఒక మనిషి, ఒక తేదీ, ఒక దస్తావేజు నంబరు ఉండవలెను. అమ్మకమును చెప్పు భాగము ఎంత దీర్ఘముగా సాగినను సాగుగాక, చరిత్రను చెప్పు భాగము తునకలు తునకలుగానే ఉండవలెను.

రెండవ లోపము యంత్రముతో వచ్చినది. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖలో 'కార్డ్' అను పేరిట కంప్యూటరు విధానము ప్రవేశించిన పిమ్మట చేతివ్రాత నకళ్ల బాధ తొలగినది. అది పెద్ద మేలు. కాని లేఖరులు పాత దస్తావేజును తెరచి పేర్లు మార్చి క్రొత్తది చేయు అలవాటునకు లోనైరి. పేర్లు మారును, క్రియలు మారవు. నిన్నటి దస్తావేజులో అమ్మినవారు అన్నదమ్ములు ముగ్గురు. నేడు అమ్మునది ఒక్క స్త్రీ. పైన 'నేను' అనియు, క్రింద 'విక్రయించితిమి' అనియు మిగిలిపోవును. ఆ 'మి' అను ప్రత్యయమును చూచి, పిమ్మట వచ్చు తగవులో ఎవరైనను 'ఇంకెవరికో కూడ ఇందు భాగమున్నది' అని వాదమునకు దిగవచ్చును. తెలుగు క్రియ తన కర్తను తన చివర మోసికొని తిరుగును. ఇంగ్లీషు నమూనాలో పేరు మార్చినచో చాలును గాని, తెలుగులో పేరుతో పాటు ప్రతి క్రియను చివరివరకు తడిమి చూడవలెను.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టమును న్యాయగ్రంథముగానే గాక రచనాశాస్త్రముగా కూడ చదువవచ్చునని నా అభిప్రాయము. దాని 20వ సెక్షను పంక్తుల నడుమ వ్రాతలు, ఖాళీలు, తుడిచివేతలు, మార్పులు ఉన్న దస్తావేజును, వానివద్ద వ్రాసియిచ్చినవారి వ్రాలు లేనిచో, అధికారి నిరాకరింపవచ్చుననుచున్నది. 21వ సెక్షను స్థిరాస్తిని గుర్తించుటకు చాలినంత వర్ణన లేని దస్తావేజును రిజిస్టరు చేయరాదనుచున్నది. వర్ణనాచాతుర్యము ప్రబంధకవులకే కావలసినదని ఎవరనిరి? తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అను నాలుగు చెక్కుబందీలను వ్రాయుటలో ఎంతయో నేర్పు కలదు. 'తూర్పు: ఫలానా వారి పొలము' అని వ్రాసినచో ఆ ఫలానా వారు రేపు అమ్ముకొందురు, ఎల్లుండి గతింతురు, 'చింతచెట్టు' అనినచో చెట్టు కూలును. సర్వే నంబరు, సబ్‌డివిజను, ప్రక్క భూమి సర్వే నంబరు, పుంతయైనచో పుంత, డొంకయైనచో డొంక వ్రాసి, పిమ్మట నేటి యజమాని పేరును 'ప్రస్తుతము' అను మాటతో చేర్చినచో ముప్పది యేండ్ల తరువాత చదువువానికి కూడ ఆ గట్టు దొరకును. విస్తీర్ణమునకును హద్దులకును పొందిక కుదరనప్పుడు న్యాయస్థానములు సామాన్యముగా హద్దులకే ప్రాబల్యమిచ్చుననునది తెలిసినవారికి ఈ నాలుగు పంక్తుల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అవి తప్పిన నాడు సవరణ దస్తావేజు వ్రాయించుకొనవలెను; దానికి అమ్మినవారు బ్రతికియుండి, మనసు మారకుండి, మరల కార్యాలయమునకు రావలెను.

ఎవరు తిరస్కరించిరి?

దస్తావేజును వదలి ప్రభుత్వపు ఉత్తరమునకు వచ్చినచో గాలియే మారిపోవును. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము వచ్చినది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘము ఏర్పడినది. పాలన తెలుగులో సాగవలెనని ఆ పెద్దలు పడిన శ్రమ గొప్పది; నేను దానిని తక్కువ చేయను. అయితే కచ్చేరీలోనికి వచ్చిన తెలుగు చాలవరకు ఇంగ్లీషు ఫైలునకు తొడిగిన తెలుగు చొక్కాగానే మిగిలినది. 'పై విషయమును పురస్కరించుకొని తమ దరఖాస్తు పరిశీలించబడి, తగిన ఆధారములు సమర్పించబడనందున తిరస్కరించడమైనది' అను ధోరణి గల ఉత్తరమును అందుకొనని రైతు తిరువూరు డివిజనులోనే కాదు, రెండు రాష్ట్రములలో ఎక్కడను ఉండడు. దరఖాస్తును ఎవరు పరిశీలించిరి? ఏ ఆధారము లేదు? ఎవరు తిరస్కరించిరి? వాక్యము చెప్పదు. తెలుగునకు కర్మణి ప్రయోగము సహజము కాదని వ్యాకరణవేత్తలు ఎంతకాలముగానో చెప్పుచు వచ్చిరి; దానిని తెచ్చిపెట్టుకొనుట చాలక, 'తెలియజేయడమైనది', 'ఆదేశించడమైనది', 'చర్య తీసుకోవడం జరుగుతుంది' అని కర్త అనువాడే లేని క్రియలను కల్పించితిమి. ఇది గ్రాంథికము కాదు, వ్యావహారికమును కాదు. గిడుగువారును, వారిని ఎదిరించిన జయంతి రామయ్య పంతులుగారును, ఇద్దరును దీనిని తమదని ఒప్పుకొనరు.

ఆ ఉత్తరమునే ఇట్లు వ్రాయవచ్చును: 'మీరు ఫలానా తేదీన పెట్టుకొనిన దరఖాస్తును నేను చూచితిని. మీ తండ్రిగారి మరణ ధ్రువపత్రము ఉన్నది. వారసుల ధ్రువపత్రము లేదు. అది లేనిదే మీ పేరు మార్చు అధికారము నాకు లేదు గనుక దరఖాస్తును తిరస్కరించితిని. ఆ పత్రమును జతపరచి మరల దరఖాస్తు చేయవచ్చును. నా నిర్ణయము సరికాదని మీకు తోచినచో ఇన్ని దినములలోగా రెవిన్యూ డివిజనల్ అధికారికి అప్పీలు చేసికొనవచ్చును.' క్రింద తహసీల్దారు వ్రాలు. ఇది మొదటిదానికంటె పొడవైనది. క్లుప్తతయే స్పష్టత అనువారు ఈ సంగతి గమనింపవలెను. దీనిని అందుకొనినవాడు మీసేవకు పోయి ఏమి అడుగవలెనో తెలిసికొని ఇల్లు కదలును. మొదటిదానిని అందుకొనినవాడు దానిని చదివించుకొనుటకు ఒక మధ్యవర్తిని వెదకును, ఆ మధ్యవర్తికి సొమ్మిచ్చును. 'నేను తిరస్కరించితిని' అని వ్రాయుటకు అధికారి సంకోచించుటలో పూర్వాచారమెంతయో, బాధ్యతను గూర్చిన భయమెంతయో నేను విడదీసి చెప్పజాలను. కాని చట్టము ఆ అధికారమును ఒక పదవికి, ఆ పదవిలోనున్న ఒక మనిషికి ఇచ్చినది గదా, వాక్యమును ఆ మనిషికే ఇయ్యవలెను.

కాలమును వ్రాయు తీరు కూడ చెప్పదగినదే. రెవిన్యూ లెక్కలలో నేటికిని ఫసలీ సంవత్సరము నడచుచున్నది. ఫసలీ 1435 అనగా 2025 జులై 1 నుండి 2026 జూన్ 30 వరకు. దానిని వ్రాయుట తప్పు కాదు, పాత అడంగళ్లతో సరిపోల్చుటకు అది అవసరము. ప్రక్కన మామూలు తేదీలను వ్రాయకపోవుట తప్పు. ఈ సీమలో క్రొత్తగా సర్వే జరిగిన గ్రామములలో సర్వే నంబరునకు బదులు ఎల్‌పీఎం (ల్యాండు పార్సెలు మ్యాపు) నంబరు వచ్చినప్పుడును ఇంతే: పాతదియు క్రొత్తదియు ఒకే పంక్తిలో ఉన్ననే రైతు తన చేనును తాను గుర్తుపట్టును.

మందు డబ్బాలోని కరపత్రము

ప్రత్తియు మామిడియు పండించు ఈ ప్రాంతమున మరియొక శాస్త్రీయ వచనము ప్రతి ఇంటికిని చేరుచున్నది. దానిని ఎవరును రచనగా గణింపరు. పురుగుమందు డబ్బాతో వచ్చు మడతల కాగితమది. 1971 నాటి కీటకనాశినుల నియమముల ప్రకారము ఆ కాగితము హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ ప్రాంతపు భాషలో కూడ ఉండవలెను; డబ్బా మీద ఒక మూలగా నిలిపిన చతురస్రములో క్రింది ముక్కోణము రంగు విషతీవ్రతను చెప్పవలెను. ఎరుపు అత్యంత విషపూరితము, పసుపు దానికి తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. రంగు భాష రానివానికిని చెప్పును. కాని ఆకుపచ్చను చూచి 'ఇది చేనికి మంచిది' అని పొరబడుట ఎంత సులభమో ఆలోచింపుడు. 'ఆకుపచ్చ అయినను ఇది విషమే' అని ప్రక్కన వ్రాయుటకు ఎంత సిరా కావలెను?

లోపలి కాగితమున మోతాదు హెక్టారు లెక్కన ఉండును. తిరువూరు రైతు ఎకరములలో ఆలోచించును, ట్యాంకులలో మందు కలుపును. ఉదాహరణకు హెక్టారునకు 500 మిల్లీలీటర్ల మందును 500 లీటర్ల నీటిలో కలుపవలెనని ఉన్నదనుకొందము. హెక్టారనగా 2.47 ఎకరములు, కావున ఎకరమునకు సుమారు 200 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీరు, 16 లీటర్ల ట్యాంకునకు 16 మిల్లీలీటర్లు, ఎకరమునకు పండ్రెండున్నర ట్యాంకులు. ఈ గణితమును ఎండలో, గట్టు మీద, మూత తెరచిన విషము చేతబట్టుకొని ఎవడు చేయును? చేయలేనివాడు 'ఎందుకైనను మంచిది' అని మరియొక మూత పోయును. ఇందలి తప్పు రైతుది కాదు. కాగితము వ్రాసినవారు ఆ లెక్కను తామే చేసి, 'ఎకరమునకు', 'ట్యాంకునకు' అని వ్రాయవలసియుండెను.

పదముల ఎంపికయు ఇట్లే. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయ పదములకు కేటాయింపబడినది. రైతులు ఏ పనిని, ఏ పనిముట్టును, పైరు యొక్క ఏ దశను ఏమని పిలుతురో ఊరూర అడిగి కూర్చిన గ్రంథమది. అట్టి నిధి అచ్చయి ఇన్నేండ్లయినను, కరపత్రము వ్రాయువాడు ప్రత్తికి 'పుష్పోద్గమ దశ' అనుచున్నాడు. చేలో ఉన్నవారు 'గూడ', 'పూత', 'కాయ' అనుచున్నారు. మామిడిలో పూతకును పిందెకును నడుమ కొట్టవలసిన మందు వేరు, కొట్టరాని మందు వేరు. ఆ రెండు మాటలు లేని కాగితము ఆ తోటలో పనికిరాదు. శాస్త్రపదమును విడువవలెనని కాదు. మందులోని రసాయనము పేరు ఉన్నదున్నట్లు ఉండవలసినదే, ఏలనన విషము తగిలిన మనిషిని ఆసుపత్రికి తీసికొనిపోయినప్పుడు వైద్యుడు అడుగునది ఆ పేరునే. దానిని పెద్ద అక్షరములతో అచ్చువేయవలెను. రైతు చేయవలసిన పనిని చెప్పు క్రియలు మాత్రము 'కలుపుము', 'కొట్టుము', 'కొట్టకుము', 'కడుగుకొనుము' అను విధులుగా ఉండవలెను గాని, 'కలుపబడవలెను', 'నివారింపబడవలెను' అని ఉండరాదు.

గ్రామములలోని రైతు సేవా కేంద్రములవారును, కంపెనీలకై తెలుగు వ్రాయు అనువాదకులును ఒకచోట కూర్చుండి, ఒక్కొక్క మందునకు ఒక్క పుట తెలుగును ఈ పద్ధతిని సిద్ధపరచుట అసాధ్యమైన పని కాదు. దానిని అచ్చునకు పంపుటకు ముందు మందు కొట్టు కూలీలలో ఇద్దరు ముగ్గురికి పైకి చదివి, వారు ఏమి గ్రహించిరో తిరిగి చెప్పించుకొనవలెను. కాయ కోసి విజయవాడ చెంతనున్న నున్న గ్రామపు మామిడి మార్కెట్టునకు పంపు తోటలకు సంబంధించిన మందైనచో, 'చివరిసారి మందు కొట్టిన దినము నుండి ఇన్ని దినములు నిండువరకు కాయ కోయకుము' అను వాక్యము, దినముల సంఖ్యను అంకెలోను అక్షరములలోను చూపుచు, విషముద్ర ప్రక్కనే, మొదటి పుటలోనే ఉండవలెను.